ఎడారిలో అయిదో కారు

ఈ సంగతి ఎప్పటికైనా రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. మొన్నటి జ్వరం వచ్చి ఉండకపోతే ఇంకా వేస్తూనే ఉండేవాణ్ణి. లండన్ శివారు హౌన్స్‌లోలో మా ఇంటి పై గదులు రెండూ చదువుకునే పిల్లలకు అద్దెకిచ్చి, కింద ముందుగదిలో నేనొక్కణ్ణీ ఉంటున్నాను. జ్వరం తగిలి రెండ్రోజులు వంటింటి వైపు వెళ్లలేదు. పైనుంచి దిగివచ్చిన అమ్మాయి, వరంగల్ వైపు పిల్ల, నా తలుపు తట్టి "అంకుల్, మంచిగున్నరా?" అని అడిగింది. దుప్పట్లోంచి లేవకుండానే "పర్లేదమ్మా" అన్నాను. "సరే అంకుల్" అని ఆ పిల్ల మెట్లెక్కుతుంటే ఆ అడుగుల చప్పుడు వింటూ పడుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ప్రపంచానికి అటు కొసన ఎర్రటి ఇసకలో ఇదే మాట అని నేను తెచ్చుకున్న ముప్పు. నాలాగే ఈ దేశంలో తలుపేసుకుని, అడిగినవాళ్లకల్లా పర్లేదని చెబుతూ రోజులు వెళ్లదీస్తున్న నా ఈడువాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల చెవిన వేద్దామనే ఇది రాస్తున్నాను.

మాది చీరాల. పదో తరగతితో చదువు ఆగిపోయింది. నా భార్య నర్సు. ఆవిడకు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం దొరికితే ఆవిడ వెంట వచ్చి, నేను ఎయిర్‌పోర్టు దగ్గర కార్గో షెడ్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పనిలో చేరాను. ఒక నవంబరు సాయంత్రం వాన తప్పించుకోవడానికి లైబ్రరీలో దూరాను. అలా దూరినవాణ్ణి, పెద్ద పెద్ద కాలేజీలు చదివినవాళ్లకు తెలియని సంగతులెన్నో అక్కడి బెంచీ మీదే నేర్చుకున్నానని చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ మొదటి సాయంత్రమే చేతికి తగిలిన బొమ్మల పుస్తకంలో ఆస్ట్రేలియా నడిమధ్యనున్న సింప్సన్ ఎడారి కనిపించింది. పసుపు ఇసక కాదు, ఆవకాయ కారంలాంటి ఎర్రటి ఇసక, ఒకదాని వెనక ఒకటి అలల్లా దిబ్బలు. కిటికీ అవతలేమో బూడిదరంగు ఆకాశం, తడిసిన బస్సులు. ఆ పుస్తకం ఎన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్నానంటే, తారీఖు ముద్ర వేసే కాగితం నిండిపోయి, కౌంటరులో కూర్చునే ఆవిడ నవ్వుతూ దాని మీద ఇంకో కాగితం అతికించింది. "మన చీరాల ఒడ్డున లేని ఇసకా అక్కడున్నది? దుడ్లు పోసి మరీ చూసొస్తావా?" అని మా ఆవిడ ఎగతాళి చేసేది.

ఆవిడ గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాకు మొహమాటం ఎక్కువ. ఆకలేసినా, నొప్పిచేసినా, ఎవరడిగినా మొదట పర్లేదంటాను. మనవైపు అందరూ అంతే కదా, చుట్టాలింటికి వెళితే కంచం ముందుకు జరిపి రెండుసార్లు వద్దని, మూడోసారికి చెయ్యి కడుక్కోవడమే మర్యాద. మా ఆవిడకు నా పర్లేదుల్లో రకాలు తెలుసు. "ఏ పర్లేదు అది? నా వైపు చూసి చెప్పు" అనేది. చూసి చెప్పమంటే నిజం వచ్చేసేది. ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాక నన్ను రెండోసారి అడిగే మనిషి లేకుండా పోయింది.

మా అమ్మాయి ఇక్కడికి దగ్గర్లోనే రీడింగు అనే ఊళ్లో కంప్యూటరు ఉద్యోగం చేస్తుంది. ఇల్లు అమ్మేసి తన దగ్గరలో చిన్న ఫ్లాటు తీసుకోమని, ఒక్కడివీ ఆ ఇంట్లో ఎందుకని ఇంగ్లీషులో పట్టుబట్టింది. నేను తెలుగులో కాదన్నాను. రిటైరైన ఏడాది, నలుగురితో కలిసి సొంతంగా బండి నడుపుకుంటూ ఆ ఎడారి దాటే యాత్ర ఒకటి ఉందని తెలిసి పేరిచ్చేశాను. అది సవ్యంగా ముగించుకొస్తే నేను ఒంటరిగా బతకగలనని అమ్మాయికి రుజువవుతుంది, ఇల్లు నాకు దక్కుతుంది. నిజానికి అంతకంటే ముందు నాకే రుజువు కావలసి ఉంది. ఎయిర్‌పోర్టులో దిగబెడుతూ అమ్మాయి నా చొక్కా కాలరు సర్ది, "ప్రామిస్ మీ, డాడ్. ఏదైనా తేడా వస్తే యూ టెల్ దెమ్, ఓకే?" అంది. నేనేమన్నానో చెప్పనక్కరలేదనుకుంటాను.

ఆ యాత్రలో ఆరు ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్లు. ముందు గైడు బండి, అన్నిటికీ వెనక ఆయన అక్కగారి బండి, మధ్యలో మేము. నాది అద్దె బండి, అయిదో నంబరు. పేరుతో పని లేదు, అక్కడ నంబరే పేరు. అందరి బళ్లల్లోనూ రేడియో ఉంటుంది. పొద్దున బయలుదేరేముందు గైడు వరసగా ఒక్కో నంబరూ పిలిచి బాగున్నావా అని అడిగితే, బాగున్నామని ఒక్కొక్కరం పలకాలి. దారిలో ప్రతివాడూ అద్దంలో తన వెనక బండిని చూసుకుంటూ ఉండాలి, అది కనబడకపోతే ఆగిపోవాలి. నా కోసం అద్దంలోకి చూస్తున్న మనిషి ఒకడు ముందున్నాడని తెలిసిన మొదటిరోజు, నవ్వుకోకండి, నాకు కళ్లు చెమర్చాయి.

ఆ సాయంత్రమే నా మర్యాద నా కొంప ముంచింది. గైడు అక్కగారు, డెబ్బయి దాటినావిడ, ఎండకు కమిలి తోలులా అయిన చేతులు, పెద్ద గిన్నెలో మాంసం కూర వండి, తింటావా అని అడిగింది. వద్దండీ, థాంక్యూ అన్నాను. "రైటో" అని మూత పెట్టేసింది. ఆ మూత వంక చాలాసేపు చూశాను, మళ్లీ అడుగుతుందేమోనని. అడగలేదు. సంచీలో ఉన్న అటుకులు నమిలి పడుకున్నాను. మర్నాడు మంట చుట్టూ కూర్చున్నప్పుడు మాత్రం నా పుస్తకజ్ఞానం పనికొచ్చింది. దిబ్బలన్నీ ఒకే దిశలో ఎందుకు సాగి ఉంటాయో, పడమటి వైపు వాలు ఎందుకు తక్కువగా ఉంటుందో, ఈ ఎడారులు దాటడానికి వెనకటి రోజుల్లో మన దేశం వైపు నుంచి ఒంటెల్నీ ఒంటెలవాళ్లనీ ఎలా తెచ్చారో చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకు విన్నారు. "ఇవన్నీ ఎక్కడ చదివావోయ్?" అని గైడు అడిగితే, హౌన్స్‌లో లైబ్రరీలో అని గర్వంగా చెప్పాను. ఏ పుస్తకంలోనూ లేనిదల్లా ఒకటే, మధ్యదారిలో ఒంటికి వెళ్లాలంటే ఆరు బళ్లనూ రేడియోలో ఆపమని ఎలా అడగాలన్నది. అలా అడగడానికి మొహమాటపడి నేను నీళ్లు తాగడం తగ్గించేశాను.

మూడోనాడో నాలుగోనాడో మధ్యాహ్నం, ముందెక్కడో మూడో నంబరు బండి టైరు రిమ్ము నుంచి ఊడిపోయి, ముందున్న బళ్లన్నీ ఆగిపోయాయి. పనిముట్లన్నీ అక్కగారి బండిలోనే ఉండటంతో, గైడు ఆవిడను ముందుకు రమ్మని పిలిచాడు. అదే సమయానికి నేనొక దిబ్బ ఎక్కబోయి, పట్టు చాలక వెనక్కి జారి, అడుగున మెత్తటి ఇసకలో దిగబడి ఉన్నాను. అవతలి వైపు చక్రాలు సగానికి పైగా మునిగాయి. తల తిరుగుతోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. ఆవిడ నా పక్కన బండి ఆపి, అద్దం దించి, "నువ్వు బాగానే ఉన్నావా?" అంది. ఆవిడ వైపు నుంచి చూస్తే మునిగిన చక్రాలు కనబడవు. అక్కడ ఇంకొకళ్లు ఇబ్బందిలో ఉన్నారు, ఆవిడను నా కోసం ఆపడమేమిటని, ఫైన్ ఫైన్, మీరు పదండి, ఊపిరి తీసుకుని వస్తానన్నాను. "రైటో" అని వెళ్లిపోయింది. దిబ్బ మీదికెక్కి అవతలికి దిగిన ఆ బండికి, దూరానికి కనబడాలని కట్టిన పొడుగు జెండా చివర కూడా మాయమయ్యాక, నా వెనక ఎవరూ లేరని, నేనే ఆఖరివాణ్ణని తెలిసింది.

పుస్తకంలో చెప్పినట్టే టైర్లలో గాలి ఇంకొంచెం తీశాను, పార పట్టి తవ్వాను. ఎంత తవ్వితే అంతా తిరిగొచ్చి పడుతోంది. రేడియోలో పిలిస్తే గరగరమని చప్పుడు తప్ప పలుకు లేదు, మధ్యనున్న దిబ్బలు అడ్డు. బండి నీడన కూలబడి, ఉన్న నీళ్లు తాగాను, వాంతయింది. అప్పుడు వినబడింది నిశ్శబ్దం. హౌన్స్‌లోలో మా కప్పు మీంచి తెల్లారింది మొదలు విమానాలు పోతూనే ఉంటాయి, ఏళ్లపాటు వాటిని తిట్టుకుంటూ బతికాను. ఇక్కడ ఒక్క విమానం పోతే చాలుననిపించింది. కాకపోతే ఈ నిశ్శబ్దం నాకు కొత్తది కాదు. మా ఆవిడ అంత్యక్రియలకు వచ్చినవాళ్లంతా వెళ్లిపోయిన సాయంత్రం, ఆవిడ ఆస్పత్రి డ్యూటీల రోటా కాగితం ఇంకా ఫ్రిజ్జు మీద అంటించే ఉండగా, వంటింట్లో నిలబడి విన్నది ఇదే. అప్పటి నుంచీ ఇందులోనే ఉన్నానని, ఇంత దూరం వచ్చి తెలుసుకున్నాను.

బండిని కంటికి కనబడనంత దూరం వదలకూడదని చదివాను కనుక, చేతి రేడియో తీసుకుని ఎదురుగా ఉన్న దిబ్బ వరకే, పాకుతూ, ఆగుతూ ఎక్కాను. పైకి చేరగానే గైడు గొంతు స్పష్టంగా వినిపించింది. "అయిదో కారూ, ఎలా ఉన్నావు?"

మీరు నమ్మరు. అంత కష్టపడి ఎక్కి, మీట నొక్కి, నేనన్న మాట, "ఫైన్." నోటికి అంత అలవాటైపోయింది. "గుడ్ మ్యాన్" అని ఆయన ఊరుకున్నాడు. మీట వదిలి, ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని ఎదురుచూశాను, రెండోసారి అడుగుతాడని. అడగలేదు, అడగడు. అడిగే మనిషి చీరాల ఒడ్డున లేని ఇసకా అని నన్ను వెక్కిరించి వెళ్లిపోయింది. 'ఏ పర్లేదు అది?' అన్న ఆవిడ మాట తలుచుకుని, అక్కడెవరూ లేకపోయినా పైకే, తెలుగులో, "బాగాలేదు" అన్నాను. అది అన్నాక రెండోది తేలికయింది. మీట నొక్కి, అయిదో కారు బాగాలేదు, దిగబడింది, నాకు ఒంట్లో బాగాలేదు, దయచేసి రండి అని చెప్పాను.

వచ్చింది అక్కగారే. నన్ను నీడలో పడుకోబెట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగించి, నా మొహంలోకి రంగు తిరిగొచ్చాక అప్పుడు మొదలుపెట్టింది.

"నేనడిగినప్పుడే చెప్పొచ్చుగా, మొద్దూ!"

మా వైపు రెండుసార్లు కాదని మూడోసారి ఔనంటామని, అది మర్యాద అని సంజాయిషీ చెప్పుకున్నాను.

"మరి ఆ రోజు కూర?"

"ఆ రోజు కూడా ఆకలేసింది."

ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వాపి, "మేం ఒక్కసారే అడుగుతాం. నువ్వు చెప్పింది నమ్ముతాం గనక" అంది.

మర్నాడు పొద్దున గైడు వరసగా పిలుస్తూ నా దగ్గరికొచ్చాడు. అయిదో కారూ, బాగున్నావా అంటే బాగున్నానన్నాను. ఆరో నంబరును పిలవబోతుంటే వెనక నుంచి అక్కగారి గొంతు రేడియోలో అడ్డొచ్చింది. "అయిదో కారూ, నిజంగా?" ఆరు బళ్లల్లోనూ నవ్వులు. ఆ రోజు మొదలు అవతలి ఊరు చేరేదాకా ప్రతి ఉదయం నన్ను రెండుసార్లు అడిగారు. ఎడారి దాటి, ఆఖరి దిబ్బ మీద నిలబడి అందరూ ఫొటోలు దిగుతుంటే, నాకు దాటామన్న సంతోషం కంటే రేపు పొద్దున ఎవరూ పిలవరన్న దిగులే ఎక్కువగా ఉండింది.

ఇల్లు నాకు దక్కింది. క్షేమంగా తిరిగొచ్చాను కనుక అమ్మాయి ఫ్లాటు మాట మళ్లీ ఎత్తలేదు. దిబ్బ అడుగున జరిగింది మాత్రం ఆమెకు ఇప్పుడు ఇది చదివితేనే తెలుస్తుంది. వచ్చిన కొత్తలో కొన్నాళ్లు, టీ కప్పు పట్టుకుని వంటింట్లో నిలబడి దేనికోసమో ఎదురుచూసేవాణ్ణి. అక్కగారి దగ్గర నుంచి క్రిస్మస్‌కు కార్డు వచ్చేది, చివర్న 'నిజంగా?' అన్న ఒక్క మాటతో. ఒక ఏడు రాలేదు, ఆ తర్వాత ఇక రాలేదు. లైబ్రరీ కౌంటరులో ఇప్పుడు మనిషి లేదు, పుస్తకం పెడితే మిషను తనే లెక్క చూసుకుంటుంది, నచ్చిందా అని అడగదు. మా డాక్టరు క్లినిక్కు నుంచి ఫోనుకు మెసేజి వస్తుంది, ఎలా ఉన్నారో ఒకటి నుంచి అయిదు లోపల ఒక అంకె నొక్కమని. అమ్మాయి ప్రతి ఆదివారం ఫోను చేసి, "యూ ఓకే, డాడ్?" అంటుంది. ఓకే అంటాను. తప్పు ఆమెది కాదు, ఈ దేశంలో పుట్టిన పిల్ల, నేను చెప్పింది నమ్ముతుంది. అడిగేవాళ్లు తగ్గిపోయారని నేను వాపోతుంటాను గానీ, ఒక్కసారి అడిగినవాళ్లకు నిజం చెప్పడం డెబ్బయ్యేళ్లు దాటినా నాకు పట్టుబడలేదు.

ఇక నేను రుణపడి ఉన్నవాళ్లు. నా కోసం అద్దంలోకి చూస్తూ నడిపిన నాలుగో బండి దంపతులు పాల్, హెలెన్. దారి చూపిన కెన్. కూర మూత పెట్టేసినా నీళ్లు తాగించిన ఆయన అక్క జోన్. పుస్తకానికి కొత్త కాగితం అతికించిన లైబ్రరీ పమేలా. మొన్న కబురందగానే రీడింగు నుంచి కారులో వచ్చి, నన్ను డాక్టరుకు చూపించి, రెండు రాత్రులు నా సోఫాలో పడుకున్న మా అమ్మాయి సుజాత. నా పర్లేదులన్నీ ఎరిగిన నా భార్య కరుణ.

చివరగా మౌనిక, పై గది అమ్మాయి. ఆ రోజు మెట్లెక్కుతున్న అడుగులు సగంలో ఆగిపోయాయి. తర్వాత మెల్లగా కిందికి దిగాయి. మళ్లీ తలుపు చప్పుడు. "నిన్న గూడ పర్లేదనే అన్నరు గద అంకుల్. తలుపు తీయుండ్రి, ఒకసారి చూసి పోత."

లేచి తీశాను. థాంక్స్, అమ్మా.