కోడిగుడ్డుకు లొంగని ఆదిమజాతి

మా కుక్కకు నేను పెట్టిన పేరు ఇక్కడ రాయను. ఆ పేరుకు అది ఇంతవరకూ పలకలేదు కాబట్టి, అది దాని పేరేనని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

దాన్ని నాకిచ్చింది అల్లవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే స్నేహితుడు. చెరువులో రొయ్యలు పట్టడం అయిపోయింది, కాపలావాళ్ళు పాక ఖాళీ చేసి వెళ్ళిపోయారు, ఈ ఆడకుక్క ఒక్కటీ గట్టు మీద మిగిలిపోయింది. ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నిక్కబొడిచిన చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక. "పట్టుకుపోరా, ఇక్కడ దీనికి తిండి పెట్టేవాడు లేడు" అన్నాడు. అప్పటికే నేను ఇంటర్నెట్టులో బోలెడంత చదివి ఉన్నాను. ఇలాంటివాటిని ఆదిమజాతి కుక్కలంటారనీ, మనిషి తన సరదా కొద్దీ మార్చకముందు కుక్కలు ఇలాగే ఉండేవనీ, జబ్బులు తక్కువ, తెలివి ఎక్కువ, కొత్తవాళ్ళను ఓ పట్టాన నమ్మవు, ఆజ్ఞలు వినవు, అన్నీ చూసి సొంతంగా నిర్ణయించుకుంటాయనీ రాశారు. తెలివి దాకా శ్రద్ధగా చదివి, మిగతాది పరీక్షకు ముందురోజు విద్యార్థిలా తిరగేశాను.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి చూసి, "ఏం జాతి బాబూ?" అని అడిగారు.

"ఆదిమజాతి అండీ. వేల ఏళ్ళ నుంచీ మనుషులతో ఉంటోంది."

"ఆయ్. వంతెన కాడ కూడా ఉన్నాయి నాన్నా, ఓ అరడజను, ఆ వేల ఏళ్ళయి."

వచ్చిన కొన్నాళ్ళకు అది నా మంచం పక్కనే పడుకోవడం మొదలుపెట్టింది. వీపు నా చేతికి తగిలేంత దగ్గరగా, ముఖం మాత్రం అటువైపు తిప్పుకుని. నాకు అంతకన్నా గౌరవం ఇంట్లో ఎవరూ ఇవ్వలేదు కాబట్టి, నేను దానికి పూర్తిగా పడిపోయాను.

చిక్కల్లా దింపు దగ్గర వచ్చింది. మా ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లే. రెండు నెలలకోసారి మనిషి వచ్చి, చెట్లెక్కి ముదిరిన కాయలు దింపాలి. లేకపోతే అవి వాటంతటవే, వాటికి తోచిన వేళకు, వాటికి తోచిన నెత్తి మీద దిగుతాయి. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. మాకు దొరికిన ఒక్కాయనా చెట్టు మీద ఉండగా మా ఆదిమజాతి వచ్చి ఆ చెట్టు మొదట్లో బైఠాయించింది. అరవలేదు. ఆయన కాలు కిందికి జారినప్పుడల్లా పళ్ళు మాత్రం చూపించింది.

నేను పిలిచాను. బతిమాలాను. మెడపట్టీ వేసి లాగాను. చొక్కా విప్పుకున్నంత తేలిగ్గా అందులోంచి వెనక్కి నడిచి బయటికొచ్చి, మళ్ళీ అక్కడే కూర్చుంది.

పైనుంచి ఆయన అడిగాడు. "మేష్టారండీ, ఈ కుక్క మీదేనాండీ?"

"మాదే బాబాయ్."

"ఆ సంగతి దానికి తెల్సినట్టు లేదండి."

కాసేపటికి ఓ ముంగిస దొడ్డికి అడ్డంగా పరిగెత్తడం వల్ల ఆయన ఆ రోజు నేల మీదికి రాగలిగాడు. వెళుతూ, "కోపం అనుకోకండేం, అదుండగా ఇంక మీ దొడ్లోకి రాలేనండి" అన్నాడు. కోపం అనుకునే స్థితిలో నేను లేను.

ఆ సాయంత్రం మా ఆవిడ తీర్పు చెప్పింది. "వచ్చే దింపు నాటికి మీరు పిలిస్తే అది పక్కకి రావాలండీ. రాలేదా, ఆ చెరువు గట్టు మీదే దింపేసి రండి. నెత్తిన కాయ పడి పోవడం నా వల్ల కాదు." గట్టు మీద ఎవరూ లేరని తనకూ తెలుసు. చెప్పి లోపలికి వెళ్ళేటప్పుడు కుక్క వైపు చూడలేదు.

శిక్షణ మొదలుపెట్టాను. ఎవరూ వినకపోయినా గంట కొట్టేదాకా చెప్పగలగడం నాకున్న ఏకైక వృత్తి నైపుణ్యం. వీడియోల్లో చెప్పినట్టు ఉడికించిన కోడిగుడ్డు చేతిలో పెట్టుకుని పిలిచాను. మొదటిరోజు వచ్చింది, తింది. నేను మా ఆవిడ వైపు గర్వంగా చూశాను. రెండోరోజు గుడ్డును చూసి కూర్చుంది. ఆ తర్వాత మర్యాదకు నోట కరుచుకుని, తీసుకెళ్ళి మందారచెట్టు మొదట్లో పాతిపెట్టింది. ఒకే వస్తువును తింటూ పోతే తృప్తి తగ్గిపోతుందనే సూత్రాన్ని ఇంటర్ పిల్లలకు ఏటా అరటిపండ్ల ఉదాహరణతో నేనే చెబుతాను. ఉదాహరణ మా పెరట్లోనే తిరుగుతోందని మాత్రం తోచలేదు. గుడ్డు మార్చి కోడి కార్జం తెచ్చాను, ఎండురొయ్యలు తెచ్చాను. మందారం ఏపుగా పెరిగింది.

ఈ కుక్కకు ఆకలి ఎందుకు లేదా అని ఓ ఆదివారం పొద్దున్న దాని వెనకే వెళ్ళాను. ముందు పిన్నిగారి పెరటి గుమ్మం దగ్గర పెరుగన్నం. ఆ పక్కింట్లో నిన్నటి చేపల పులుసుతో అన్నం. కాలవ గట్టు మీద రిటైరైన పోస్టుమాస్టారింట్లో ఇడ్లీ. ఆయన దానికి ఇడ్లీ తుంచి మరీ పెడుతున్నారు. మా వీధిలో గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఉత్త నోటితో పంపడం ఎవరికీ చేతకాదు. వచ్చింది నాలుగు కాళ్ళతోనైనా అంతే.

సరే, దానికేమీ పెట్టొద్దని చెప్పి వద్దామని నేనే బయల్దేరాను. వాక్యం కూడా సిద్ధం చేసుకున్నాను.

పిన్నిగారు, "ముందు కూర్చో నాన్నా, చెబుదువుగాని" అని పళ్ళెంలో దిబ్బరొట్టె పెట్టి చెరకు పానకం పోశారు. నోట్లో ఆవిడ దిబ్బరొట్టె ఉండగా, ఎవరికీ ఏమీ పెట్టకండని ఆవిడతో ఎలా అంటాను? ఆ పక్కింట్లో గేదె ఈనింది, జున్ను. పోస్టుమాస్టారు చేగోడీలూ కాఫీ ఇచ్చి, "ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు" అన్నారు.

"ఏం లేదండీ, ఊరికే" అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి కూర్చుని కంచం ముందు అలాగే ఉండిపోయాను. వరండాలో కుక్క కూడా గిన్నె ముందు అలాగే ఉంది. మా ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"చెప్పేరా?"

"చెప్పడానికి వీలు కుదరలేదు."

"అదీ పాపం చెప్పడానికే వెళ్తోందేమో లెండి, రోజూ."

ఈలోగా కాయలు రాలడం మొదలైంది. ఒకటి నా స్కూటరు మడ్‌గార్డును రెండుగా చేసింది. దింపాయన ఇంటికి వెళ్ళి, కుక్కకు నేర్పానని చెప్పాను. అది అబద్ధం కాదు. నేర్పాననే చెప్పాను, నేర్చుకుందని అనలేదు.

దింపు రోజున పొద్దున్నే లేచి గుడ్డు ఉడకబెట్టుకున్నాను. కారులో వెనక సీటు మీద పాత దుప్పటి పరిచి ఉంది. మా ఆవిడే పరిచింది. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఎండ ఎక్కకముందే పని ముగించుకోవాలని దింపాయన తొందరగా వచ్చాడు, అంటే సరిగ్గా టిఫిన్ వేళకు. గేటు దగ్గరే నిలబడి, "కట్టేసేరాండీ?" అని అడుగుతున్నాడు.

"ముందు టిఫిన్ చెయ్యి బాబాయ్. కాయలెక్కడికీ పోవు" అంది మా ఆవిడ. అందులో వ్యూహమేమీ లేదు. ఆ వేళకు కరెంటు బిల్లు ఇచ్చే మనిషి వచ్చినా అదే మాట అంటుంది.

వరండాలో మా ఇద్దరికీ పక్కపక్కనే పెసరట్టు ఉప్మా. కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన భయంతో ఓ ముక్క విసిరితే ముట్టుకోలేదు. ఆయన పళ్ళెం ఖాళీ అయ్యేదాకా చూసింది, మా ఆవిడ రెండో అట్టు వెయ్యడం చూసింది, వద్దంటున్నా వెయ్యడం కూడా చూసింది. తర్వాత లేచి, ఆయన కాళ్ళకు వేసుకునే తాడు వాసన చూసి, ఆయన విప్పి పెట్టిన చొక్కా, చెప్పుల పక్కన ముడుచుకుని పడుకుంది.

ఆయన చెట్టెక్కాడు. నేను గుడ్డు పట్టుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. అది రాలేదు. చెట్టు దగ్గరికీ పోలేదు. కాయలు పడుతున్నాయి కదా, ఆ చొక్కా అవతల పెడదామని వంగితే, నా మీద గుర్రుమంది.

మా వరండాలో కూర్చుని తిన్నవాళ్ళు మావాళ్ళని అది ఎప్పుడో నిర్ణయించుకున్నట్టుంది. అన్నీ చూసి సొంతంగా నిర్ణయించుకుంటాయని నేను తిరగేసిన పేజీల్లో ఉండనే ఉంది.

దింపాయన చెట్లన్నీ ముగించి దిగి, చొక్కా దులుపుకుంటూ, "బాగా నేర్పేరండి, మేష్టారూ" అన్నాడు.

"ఆయ్" అన్నాను. వంటింట్లోంచి ఎవరో దగ్గారు.

ఇప్పుడాయన ప్రతి దింపుకూ టిఫిన్ వేళకే వస్తాడు. టిఫిన్ లేకపోతే కుక్క ఒప్పుకోదంటాడు. ఆ రోజు మాత్రం ఆయన వెళ్ళాక నేను గుడ్డుతో ఇంకోసారి ప్రయత్నించాను. అది తల తిప్పి చూసి, పిన్నిగారింటి వైపు వెళ్ళిపోయింది.

"ఏవండీ" అని లోపలినుంచి పిలుపు. వెంటనే వెళ్ళాను. మా ఆవిడ కారులోంచి దుప్పటి తెచ్చి నా చేతిలో పెట్టి, "దాని చోట పరవండి" అంది. పరిచాను. ఆ తర్వాత గుడ్డు నేనే తిన్నాను. పిలవగానే వచ్చినవాళ్ళకు ఇవ్వాలనేగా వీడియోల్లో చెప్పింది.