మా చివరి ఓవర్లు, గౌడవెల్లి చివరి ఓవర్లు

మేడ్చల్ దగ్గర మా ఊరికీ గౌడవెల్లికీ క్రికెట్ పడితే మొదటి ఓవర్లు చూసే పనే లేదు. మొదట వేసేవాళ్లు రెండు వైపులా ఒకటే రకం. వాళ్ల రెక్కలు అలిసిపోయాక బంతి ఎవరి చేతికి పోతుందో, ఆట అక్కడ తేలేది. మా వైపు అప్పుడు బంతి అందుకునేది నా కొడుకు. వాళ్ల వైపు నా అల్లుడు.

నేను పెద్దయ్యాక సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పేపర్లో ఆటల పేజీకి బొమ్మలెక్కువ, రాత తక్కువ. అందుకని అదే చదివేదాన్ని. అలా అంటుకుంది ఈ పిచ్చి. చూసినదాన్ని బట్టి చెబుతున్నాను: నా కొడుకు బంతి వేగంగా పోతుంది, ఎటు పోతుందో వాడికే తెలియదు. అల్లుడిది నెమ్మది. కొట్టేవాడు బ్యాటు ముందే ఊపేసి, బంతి కోసం ఎదురుచూడాలి. కన్నతల్లినైనా ఇదే మాట అంటాను.

కానీ అనే వీలు లేకపోయింది. ముందు ఏడాది ఆటలో ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. అప్పటి నుంచి మాటల్లేవు. ఇంతలో నా బిడ్డ తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చింది. అల్లుడు చూడటానికి వచ్చేవాడు గానీ గడప తొక్కేవాడు కాదు. రోడ్డు మీద బండి ఆపి హారన్ కొట్టేవాడు. నెలలు నిండిన మనిషి నడుం పట్టుకుని బయటికి నడిచేది.

"పుట్టినంక గూడ గిట్లనే రోడ్డు మీద చూపియ్యాల్నా అమ్మా?" అని అడిగింది ఒకనాడు.

కొడుకును తిట్టాను. "ముందుగాల ఆయననే మాట్లాడమను" అన్నాడు. ఊళ్లో ఎవరినైనా కడిగేసేదాన్నే. అల్లుడితో మాత్రం పెళ్లయినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. మా దిక్కు అత్త అల్లుడి ఎదుట నిలబడదు. కొంగు నెత్తిన వేసుకుని తలుపు చాటుకు పోతుంది.

ఆ ఏడు ఆట, ద్రాక్షతోట తీసేసి ప్లాట్లు చేసిన చోట పడింది. హద్దురాళ్లే బౌండరీ. నేనూ పోయి ఒక రాయి మీద కూర్చున్నాను. గౌడవెల్లి బ్యాటింగ్‌లో నా కొడుకు చివరి ఓవరు వేసి, సగం వైడ్లు ఇచ్చాడు. తర్వాత మా వంతు. చివరి ఓవరు అల్లుడిది, ఎదురుగా బ్యాటు పట్టుకున్నది నా కొడుకు. ఊపాడు, తగల్లేదు. మళ్లీ ఊపాడు, తగల్లేదు.

అల్లుడు నవ్వాడు. "బామ్మర్దీ, మీ అక్కను తోలు. నిండు నెలల్ల గూడ నీకంటె మంచిగ కొడ్తది."

"అక్క పేరెత్తకు!" అని నా కొడుకు బ్యాటు లేపి ఉరికాడు. రెండు ఊళ్ల వాళ్లూ నడుమకు వచ్చారు. ఈసారి దెబ్బ పడితే నా బిడ్డ ఎప్పటికీ రోడ్డు మీదే. లేచి పోయాను. కొంగు ఎక్కడ జారిందో తెలియదు.

"అల్లుడా!"

అతను తిరిగి నన్ను చూసి బంతి వదిలేశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బంతి నువ్వే మంచిగ ఏస్తవ్. నా కొడుకుకు ఏసుడు రాదు. ఇగ సాలు."

"అమ్మా! అందరి ముంగట గట్లంటవేందే?"

"ఉన్నదే అన్న. నువ్వు పిట్టలను కొట్టినట్టు ఏస్తవ్. ఒక్క పిట్ట గూడ సావదు."

"అత్త మాట్లాడిందిరో!" అని గౌడవెల్లి వాళ్లలో ఎవరో అరిచారు. అందరూ పడీ పడీ నవ్వారు. అల్లుడు తల వంచుకునే అన్నాడు: "గట్లేం లేదత్తమ్మా. వానిది స్పీడ్ మస్తుంటది. బంతిని గట్టిగ పట్టుకుంటడు, గంతే."

"నేనెట్ల పట్టుకుంటనో నీకేం తెల్సు?"

"తెల్వకేంది, ఏడాది సంది చూస్తలేనా?"

నా కొడుకు లేపిన బ్యాటు దించాడు. మిగిలిన బంతులు వేశారు. మేం ఓడిపోయాం.

బండి నడిపించుకుంటూ ఇంటిదాకా ఇద్దరూ వాదించుకుంటూనే వచ్చారు. ఆ వాదనలోనే అల్లుడు గడప దాటి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. నా బిడ్డ చూసి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను మళ్లీ కొంగు వేసుకుని లోపలికి పోయి ఎసరు పెట్టాను. కూరకు ఉల్లిగడ్డ కోసం తొంగిచూస్తే, బుట్టలో మిగిలిన ఒక్క గడ్డనూ అల్లుడు వేళ్ల మధ్య తిప్పి చూపిస్తున్నాడు, కొడుకు లాక్కుని తన పట్టు చూపిస్తున్నాడు.

ఆ పూట ఉల్లిగడ్డ లేకుండానే వండాను.