ఫ్రిడ్జి ప్రకటన అని చెప్పాను

ఆ ప్రకటనలో ఒక పెద్దావిడ మొక్క లేని కుండీకి నీళ్లు పోస్తుంది. తర్వాత ఇస్త్రీపెట్టెను ఫ్రిడ్జిలో పెట్టి, తలుపు మూసి, కుర్చీలో కూర్చుని ఏడుస్తుంది. గోడమీది ఫోటోల్లో ముఖాలు ఒక్కొక్కటే చెరిగిపోతాయి. మాట ఒక్కటీ ఉండదు. చివర నీలం తెరమీద రెండు వరుసల తెలుగు అక్షరాలు కనిపిస్తాయి, అంతే.

కోయంబత్తూరులో మా ఇంట్లో సాయంత్రాలు ఆంధ్రా చానలే పెట్టాలన్నది నా పట్టు. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతాం గాని, చదివింది తమిళ బడిలో. మా వీధిలో తెలుగు చదవగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే అని పేరు. మార్గళి నెలలో, అంటే ధనుర్మాసంలో, పెరుమాళ్ల గుడి భజనకు మా తాతనాటి తెలుగు పుస్తకం విప్పి పట్టుకుని పాడేది నేనే. నిజానికి ఆ పాటలు తాత నోట విని కంఠస్థం చేసినవి. పుటలు అందాజుగా తిప్పేవాణ్ణి. అక్షరం ఒక్కటీ రాదు. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు.

అందుకే ఆమె నన్నడిగింది.

"ఏమండి, ఇది దేనికి విళంబరం? కింద ఏమి రాసుండాది?"

"ఫ్రిడ్జికి. లోపల ఏమి పెట్టినా చెడిపోదంట."

"ఇస్త్రీపెట్టె చెడిపోతాదా?"

"కొత్త మాదిరి విళంబరం. నీకు అర్థం కాదులే."

"మరి ఆయమ్మ ఏడుస్తాదే?"

"వాళ్లదీ మన ఫ్రిడ్జి మాదిరి పాతదేమో."

నవ్వింది. మర్నాడు మళ్లీ అడిగింది, ఆ మర్నాడూ అడిగింది. అప్పటికే రసంలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. పాలు పొయ్యిమీద పెట్టి వీధిలోకి వెళ్లిపోతోంది. పెళ్లయినప్పటినుంచీ ఎక్కుతున్న బస్సు నంబరు గుర్తురాక ఒకరోజు స్టాపునుంచి నడిచి ఇంటికొచ్చేసింది. నేను దాన్ని కూడా ఎగతాళి చేశాను. ఒక సాయంత్రం ఆ ప్రకటన అయిపోయాక మెల్లగా అంది:

"నేనూ ఆయమ్మ మాదిరే చేస్తా ఉండాను. ఒకసారి సరిగా చదివి చెప్పండి."

"పైత్యమా నీకు? ఫ్రిడ్జి అని ఎన్ని తడవలు చెప్పేది!"

తర్వాత అడగలేదు. నమ్మిందనుకుని ఊరుకున్నాను. రాదని ఒప్పుకోవలసిన అవసరం తప్పినందుకు సంతోషించాను కూడా.

ఏడాది దాటాక మా తమ్ముడి కొత్త కోడలు, చిత్తూరు వైపు పిల్ల, మమ్మల్ని చూడడానికి వచ్చింది. కాఫీ తాగుతుండగా అదే ప్రకటన వచ్చింది. నా భార్య ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయీ, అదేమని రాసుండాది?"

ఆ పిల్ల గడగడా చదివేసింది. "'మరుపు వయసువల్లే అనుకోకండి. మొదట్లోనే డాక్టరుకు చూపించండి.' మతిమరుపు జబ్బు చూసే ఆసుపత్రిది, అత్తా."

నా భార్య నావైపు తిరిగింది. "ఫ్రిడ్జి కాదా?" అంది. కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్నాళ్లుగా ఇలా ఉందని ఆయన తమిళంలో అడిగాడు. రెండు నెలలు అన్నాను. అక్కడ కూడా అబద్ధమే వచ్చింది నా నోట. ఆయన ఆమెను అడిగాడు. "ఆయన్నే అడగండి, ఆయనకు అన్నీ తెలుసు" అంది. తలెత్తలేకపోయాను. "ఏడాది పైనే" అన్నాను. డాక్టరు మొదట రాసింది కొట్టేసి మళ్లీ రాశాడు. మాత్రలు పోయినదాన్ని వెనక్కి తేలేవని, మొదట్లోనే మొదలుపెట్టి ఉంటే ఇంకొంతకాలం నిలబెట్టేవేమోనని చెప్పాడు.

ఆ తర్వాత ఈ వయసులో పలకా బలపం కొని అక్షరాలు దిద్దుకున్నాను. ఇది రాయగలుగుతున్నాను గాని, దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు. మొన్న ఆమెకు అన్నం కలిపి పెడుతూ, అప్పుడు నాకు చదవడం రాదని, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను.

"ఎవరికి రాదు?" అంది.

"నాకే. ఆ రోజు నువ్వడిగితే..."

"పావం" అంది, ఎవరో పరాయివాడి కష్టం విన్నట్టు. తర్వాతి ముద్దకు నోరు తెరిచింది.