ఉదయం పూట కాలేజీ

పోయిన వారం మా పాత కాలేజీ నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి, ప్రాంగణం తరఫున ప్రత్యేక సంచిక ఒకటి వేస్తున్నామనీ, ఒకప్పుడు రెండు కాలేజీలకూ కలిపి డైరెక్టరుగా చేసినవారు కనుక "నాయకత్వంలో నా అనుభవాలు" అని అర పేజీకి మించకుండా రాసి, పాస్‌పోర్టు సైజు ఫొటోతో సహా పంపమనీ ఎంతో మర్యాదగా అడిగింది. ఫొటో సులువుగానే దొరికింది. అర పేజీ మాత్రం మూడు రోజులుగా రాస్తున్నాను, రాసిందల్లా కొట్టేస్తున్నాను. వాళ్ళకు కావలసిన మాటలు నాకు తెలియక కాదు; క్రమశిక్షణ, సమన్వయం, దూరదృష్టి, ఇలాంటివి వరసగా పేర్చి కింద సంతకం పెడితే చాలు. కానీ కలం పట్టుకోగానే మా వదిన గుర్తొస్తుంది, ఆ తరువాత ఒక్క అక్షరం ముందుకు సాగదు. అందుకని ఆ అర పేజీ సంగతి పక్కన పెట్టి, నా ఈడువాళ్ళు ఎవరైనా చదువుతారన్న ఆశతో అసలు జరిగింది ఇక్కడ రాసుకుంటున్నాను.

శ్రీకాకుళం పట్టణంలో, ఏ వీధిలో అని అడక్కండి, ఒకే ప్రహరీ లోపల రెండు కాలేజీలు నడిచేవి. ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా ఆడపిల్లల కాలేజీ, ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా మగపిల్లల కాలేజీ. గదులు అవే, బల్లలు అవే, ప్రయోగశాలలు అవే. సుద్దముక్కల పెట్టెలు మాత్రం వేరు, గంటలు వేరు, మంచినీళ్ళ డ్రమ్ములు వేరు. ఒకరి డస్టరు ఇంకొకరు వాడుకున్నారన్న దాని మీద ఇద్దరు ప్రిన్సిపాళ్ళ మధ్య ఉత్తరాలు నడిచేవంటే మీరు నవ్వుతారు గానీ, ఆ ఉత్తరాలన్నీ వరస నంబర్లు వేసి ఫైలు చేసిన గుమాస్తా మాకు ఉండేవాడు. ఈ తగువులు తీర్చలేక విసిగి, యాజమాన్యంవారు రెండింటి మీదా ఒక డైరెక్టరుని వేద్దామనుకున్నారు, ఎక్కడో మూల గదిలో కామర్సు చెప్పుకుంటున్న నన్ను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

నన్నే ఎందుకు అంటే, మగపిల్లల కాలేజీ ప్రిన్సిపాలు మా గురువుగారు. నాకు పాఠం చెప్పి, ఉద్యోగం వేయించి, మా నాన్న పోయినప్పుడు ఇంటి పెద్దలా దగ్గరుండి అన్నీ జరిపించిన మనిషి. ఆడపిల్లల కాలేజీ ప్రిన్సిపాలేమో మా వదిన, మా అన్నయ్య భార్య. ఇద్దరిలో ఎవరికీ వీడు ఎదురుచెప్పలేడని యాజమాన్యంవారికి బాగా తెలుసు. నేను మాత్రం నా సమర్థత చూసి ఇచ్చారనుకుని, కొత్త చొక్కాలు రెండు కుట్టించుకున్నాను.

డైరెక్టరు గది అంటే అంతకుముందు ఆటల సామాను పెట్టుకునే కొట్టు. ఎన్నిసార్లు కడిగించినా పాత క్రికెట్ చాపల వాసన పోలేదు. ఇక నా అధికారం ఎంతసేపు అంటే పన్నెండున్నరకీ ఒంటిగంటకీ మధ్య అరగంట. ఆ అరగంటలో ఆడపిల్లలు బయటికి వెళ్ళిపోవాలి, మగపిల్లలు లోపలికి రావాలి, గేటు దగ్గర గొడవ జరగకూడదు. గొడుగు వేసుకుని నేను ఎండలో నిలబడేవాణ్ణి. మిగతా రోజంతా ఫైళ్ళ మీద "చూశాను" అని రాసేవాణ్ణి.

మా వదినది శ్రీముఖలింగం. తరతరాలుగా గుడి సేవలో, సంగీతంలో, చదువు చెప్పడంలో బతికిన కుటుంబం. వృక్షశాస్త్రం చెప్పేది, నిదానంగా మాట్లాడేది, కోపం వస్తే ఇంకా నిదానంగా మాట్లాడేది. వదినలందరూ మరుదుల్ని పేరు పెట్టి పిలిస్తే, ఆవిడ మాత్రం నన్ను వేళాకోళంగా "మరిదీ" అనే పిలిచేది. మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. పొద్దున్నే నేను బయలుదేరుతుంటే తమ వాటాలోంచి "మరిదీ, కాఫీ తాగీసి వెళ్ళు, ఆఫీసులో ఎవరు పోస్తారు నీకు?" అని కేకేసేది. ఆఫీసులో మాత్రం పొరపాటున కూడా ఆ పిలుపు రానిచ్చేది కాదు. అక్కడ నేను డైరెక్టరుగారిని.

ఆవిడ కాలేజీ ఉదయం పూట నడవడంలో ఒక కిటుకు ఉంది, అది ఏ కాగితంలోనూ రాసి లేదు. నౌపడ వైపు నుంచి, ఆ సముద్రపు ఒడ్డు పేటల నుంచి ఆడవాళ్ళు చేపల గంపలతో పొద్దుటి పాసింజరు ఎక్కి ఆమదాలవలస వచ్చేవారు. వాళ్ళ వెనకే వాళ్ళ ఆడపిల్లలు, చేతిలో నోటుపుస్తకాలతో. ఆమదాలవలసలో తల్లులు చేపల బజారులోకి, పిల్లలు శ్రీకాకుళం బస్సులోకి. మధ్యాహ్నం కాలేజీ వదలగానే పిల్లలు బస్సెక్కి స్టేషనుకి చేరేసరికి తల్లులు ఖాళీ గంపలు బోర్లించుకుని ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉండేవారు. వెళ్ళేటప్పుడు తల్లి వెంట, వచ్చేటప్పుడు తల్లి వెంట. అందుకే ఆ పేటల్లో ఆడపిల్లని డిగ్రీకి పంపడానికి ఏ తండ్రీ పెద్దగా అడ్డు చెప్పలేదు. మా తరంలో అలాంటి పేటల నుంచి ఆడపిల్లలు కాలేజీ గుమ్మం ఎక్కడం మీలో ఎంతమంది చూశారు? నేను చూశాను, ఆ అరగంట గేటు దగ్గర నిలబడి రోజూ చూశాను. వాళ్ళ సంచుల్లోంచి ఎండుచేపల వాసన వస్తుందని పట్నం పిల్లలు ముక్కు మూసుకుంటే, వదిన ఆ పట్నం పిల్లల్నే తీసుకెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోబెట్టేది.

ఇక్కడ మా వదిన మాట ఒకటి చెప్పాలి. ఆవిడకు ఇష్టమైన పనికి "అలాగేనండి" అనేది. ఇష్టం లేని పనికి "కాదు", "లేదు" అనడం ఆవిడ పెరిగిన ఇంట్లో ఆడవాళ్ళకు అలవాటు లేదు, అందుకని "సర్లెండి" అనేది. విశాఖపట్నంలో పరిశోధనకు సీటు వచ్చిన రోజున, పిల్లల్ని ఎవరు చూస్తారమ్మా అని మా అమ్మ అడిగితే "సర్లెండి" అంది, ఆ కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టేసింది. మా ఇంట్లో చంటిపిల్లలకు కూడా ఆ తేడా తెలుసు. సర్లెండి అంటే ఒప్పుకోవడం కాదు, ఇక మీతో మాట్లాడి లాభం లేదని తలుపు వేసుకోవడం.

ఒక వేసవిలో మా గురువుగారు కబురు పెట్టారు. తమ కాలేజీకి పై నుంచి తనిఖీవాళ్ళు వస్తున్నారనీ, కొత్త కోర్సులు వస్తున్నాయనీ, ఉదయం పూట తమకు ఇచ్చి ఆడపిల్లల కాలేజీని మధ్యాహ్నానికి మార్చాలనీ, ఒక్క ఏడాది సర్దుకుంటే చాలనీ చెప్పారు. "నువ్వు నా శిష్యుడివిరా, నీ మీద నాకు నమ్మకం" అన్నారు. ఆ మాటకు నా వెన్నెముక వెన్నలా కరిగిపోయింది. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే వదిన లోపలికి వెళ్ళి, రెండు రోజులు కూర్చుని ఒక జాబితా తయారు చేసింది. ఏ పిల్లది ఏ పేట, ఏ రైలు, తల్లి ఏం అమ్ముతుంది, సాయంత్రం తరువాత ఇంటికి చేరే దారి ఏమిటి, అన్నీ ఆకుల పేర్లు రాసినంత శ్రద్ధగా రాసి నా చేతికిచ్చింది. "మరిదీ, రేపు మీటింగులో ఇది నువ్వే సదవాలి. నేను సదివితే నా కాలేజీ కోసం అన్నట్టుంటాది. నువ్వు సదివితే పిల్లల కోసం అన్నట్టుంటాది" అంది. చదువుతానన్నాను.

చదవలేదు. ఇంతకంటే సూటిగా చెప్పడం నాకు చేతకాదు. మర్నాడు ఆ ఆటల కొట్లో ఫ్యాను కింద గుమాస్తాతో కలిపి నలుగురం కూర్చున్నాం, మా గురువుగారు గంటసేపు మాట్లాడారు, కాలేజీ పేరు, పట్టణం పేరు, పిల్లల భవిష్యత్తు అన్నీ ఆయన మాటల్లో ఉన్నాయి, నా జేబులో కాగితం ఉంది. చివరికి ఆయన నా వైపు తిరిగి, "డైరెక్టరుగారు ఏమంటారు?" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను గారు అన్నారు. నేను గొంతు సవరించుకుని, ప్రిన్సిపాలుగారి అభిప్రాయం కూడా తెలుసుకుందాం అని వదిన వైపు తోసేశాను. ఆవిడ నా జేబు వైపు చూసింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది.

"సర్లెండి, డైరెక్టరుగారూ" అంది.

అందరూ లేచాక తీర్మానాల పుస్తకం పట్టుకుని గుమాస్తా నా దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కలం మూత తీశాడు గానీ రాయలేదు. "అమ్మగారు సర్లెండి అనీసి ఎలిపోనారు బాబూ. మరి పుస్తకంలో ఏటి రాయమంటారు?" అని అడిగాడు. ఆ మనిషికీ తెలుసు, ఆ ప్రాంతంలో పుట్టినవాడు, ఇంట్లో ఆడవాళ్ళ నోట ఆ మాట విన్నవాడు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు చివరి అవకాశం ఇచ్చాడు పాపం. నేను గడియారం చూసుకుంటూ, "సమ్మతించారు అని రాయి" అన్నాను. రాశాడు. ఏకగ్రీవంగా తీర్మానించడమైనది అని కూడా రాశాడు. మర్నాడు పుస్తకం తీసుకెళ్తే వదిన చదివి సంతకం చేసింది.

ఆ ఏడాది వానలు మొదలయ్యేసరికి వెనక బెంచీలు ఖాళీ అవడం మొదలైంది. తల్లులు ఎప్పటిలాగే పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నం తిరిగి వెళ్ళిపోతున్నారు. పిల్లలు ఒక్కళ్ళే రావాలి, ఒక్కళ్ళే పోవాలి. ఒకరోజు భావనపాడు వైపు నుంచి ఒక తండ్రి కూతురి టీసీ కోసం వచ్చాడు. వదిన ఎంతగానో చెప్పి చూసిందట, ఆఖరికి నా దగ్గరకు పంపింది. నేను కుర్చీ చూపించినా కూర్చోలేదు. "మా గుంటకి సదువంటే పేనం బాబూ. నాను ఒద్దనను. కానీ రైలు దిగీసరికి సీకటడిపోతాది. టేసను కాడ నుంచి మా పేటకి ఉప్పుమడులంట రావాల. నాను సూస్తే సముద్రం మీద ఏటలో ఉంతాను. రేపొద్దున ఏటైనా అయితే నువ్వొస్తావా?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగానే అడిగాడు. నేను టీసీ మీద సంతకం పెట్టాను. ఆ అమ్మాయి బయట వరండాలో స్తంభం పట్టుకుని నిలబడి ఉంది, ఏడవలేదు, అటు తిరిగి మగపిల్లల సైకిళ్ళ వైపు చూస్తోంది. అలాంటి సంతకాలు ఆ ఏడాది చాలా పెట్టాను.

ఒక్క ఏడాది అన్నది ముగిశాక, కాస్త సిగ్గు తెచ్చుకుని యాజమాన్యంవారి దగ్గరకు వెళ్ళాను. ఉదయం పూట ఆడపిల్లలకు తిరిగి ఇచ్చేయాలని, లేకపోతే ఆ కాలేజీ నిలవదని, మా ఇంట్లో ఎవరూ వినని గొంతుతో గట్టిగానే చెప్పాను. కార్యదర్శిగారు శాంతంగా విని, తీర్మానాల పుస్తకం తెప్పించి, ఆ పేజీ తీసి నా ముందే పైకి చదివారు. "ఆవిడే సమ్మతించారు కదయ్యా, నువ్వే రాయించావు. ఇప్పుడు ఎవరిని బలవంతపెట్టామని అంటావు?" అన్నారు. ఆ తరువాత రెండేళ్ళకు, చేరేవాళ్ళు లేరని చెప్పి ఆడపిల్లల కాలేజీని రెండోదాంట్లో కలిపేశారు. మా గురువుగారికి శాలువా కప్పారు. వదిన ప్రిన్సిపాలు గదిలోంచి తన టేబులు సొరుగు ఖాళీ చేసుకుని, స్టాఫ్ రూములో అందరితో పాటు కూర్చుని, రిటైరయ్యేదాకా ఆకుల గురించి చెప్పింది.

ఇంట్లో ఆవిడ నాతో మాట్లాడటం మానలేదు, కాఫీ మానలేదు. మీటింగు జరిగిన ఆ సాయంత్రం మాత్రం తమ వాటాలోంచి "డైరెక్టరుగారూ, కాఫీ తీసుకోండి" అని పిలిచింది. వేళాకోళం అనుకున్నాను, రెండు రోజుల్లో పోతుందనుకున్నాను. నా పదవి పోయాక కూడా ఆ పిలుపు పోలేదు, ఆ మన్ననా పోలేదు. ఏళ్ళ తరువాత ఒక మధ్యాహ్నం, మా అన్నయ్య నిద్రపోతుంటే, అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న వదిన పక్కన కూర్చుని, నేను తప్పు చేశాను వదినా, ఆ కాగితం చదవాల్సింది అన్నాను. ఆవిడ చెయ్యి ఆగలేదు. "మీరేం చేస్తారు? మీ ఉద్యోగం అది" అంది. తిడితే బాగుండేది. ఆవిడ పోయే ముందు నెలలో కూడా, మనుషుల్ని పోల్చుకోవడమే కష్టమైన రోజుల్లో కూడా, నేను మంచం దగ్గరకు వెళ్తే లేచి కూర్చోబోయి, రండి డైరెక్టరుగారూ అనేది. మరిదీ అని పిలిచేవాళ్ళు ఇక ఈ లోకంలో నాకు లేరు.

ఇప్పుడు ఆ ప్రాంగణం ఒకటే కాలేజీ, ఒకటే గంట, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా. తగువులు లేవు, ఉత్తరాలు లేవు, నేను కోరుకున్న సమన్వయం అంతా వచ్చేసింది. ఆ పేటల వైపు మాత్రం నేను చాలా ఏళ్ళు వెళ్ళలేదు, వెళ్ళడానికి ముఖం చెల్లలేదు. కిందటి నెల ఒక పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చి, సాయంత్రం చీకటి పడ్డాక నౌపడ దాటి ఉప్పుమడుల పక్క రోడ్డు మీద ఆటోలో వస్తుంటే, మా ముందు ఒక వ్యాను ఆగింది. రొయ్యల కంపెనీ వ్యాను. అందులోంచి ఆడపిల్లలు దిగారు, పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళవాళ్ళు, ఐసులో నాని తెల్లబడ్డ వేళ్ళతో, తలకు కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ. రోజూ ఇంత చీకటయ్యాకేనా వస్తారు అని ఆటో అతన్ని అడిగాను. "రోజూ ఇంతేనండి. తెల్లారకముందే ఎలిపోతారు, సీకటడ్డాకే వస్తారు. అలవాటైపోనాది, ఇప్పుడెవులు బయపడతారండి?" అన్నాడు. వాళ్ళ తల్లులు ఏ ఏడాది చదువు మానేశారో అతనికి తెలియదు. నాకు తెలుసు, ఆ టీసీలన్నిటి మీదా నా సంతకమే. వాళ్ళు ఒకరి వెనక ఒకరు మడి గట్టు మీదుగా పేట వైపు నడిచి వెళ్ళిపోయారు, ఏ తండ్రీ ఎదురు రాలేదు.