నిలబడి చూపించు నాయనా!

మా కామిక్స్ ఆఫీసులో ప్రూఫులు దిద్దే పిన్నిగారికి ఆరు నెలలుగా ఒకటే జబ్బు. ఎవడు ఏ బొమ్మ వేసినా వాణ్ణి అదే భంగిమలో నిలబడమంటుంది. అచ్చుతప్పులు దిద్దమ్మా అని కూర్చోబెడితే, మా నడుములు దిద్దడం మొదలుపెట్టింది మహాతల్లి!

మా హీరోయిన్ పిడుగుదేవి. పదేళ్లుగా గీస్తున్నది నేనే. ఏడాదికి జానెడు చొప్పున బట్ట తగ్గించుకుంటూ వచ్చాను. నడుము గుప్పిట్లో పట్టేలా సన్నం చేశాను. ఎడిటరుగారికి అదంటే మహా ఇష్టం.

ఓరోజు ముఖచిత్రం చూసి పిన్నిగారు కళ్లజోడు సవరించుకుంది.

"ఈవిడేం చేస్తోంది?"

"దొంగల్ని తంతోందండీ."

"మొహం ఇటే, ఛాతీ ఇటే, వెనకభాగమూ ఇటే. మరి దొంగలెక్కడ?"

"అటువైపు."

"ఏదీ, నిలబడి చూపించు నాయనా!"

నిలబడ్డాను. నడుము కలుక్కుమంది. మూడు రోజులు మంచం దిగలేదు.

ఎడిటరుగారు వాదనకు దిగాడు. "పాఠకులు ఇదే అడుగుతున్నారండీ!"

పిన్నిగారు వాళ్ల కోడలి హైహీల్స్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ పిడుగుదేవి వీటితో మేడ మీంచి మేడ మీదికి దూకుతోంది. మీరు ఈ కుర్చీ మీంచి దూకండి, చాలు." ఆయన అవి వేసుకుని ఎక్కడమైతే ఎక్కాడు. దించడానికి నలుగురం పట్టాం.

"మగ హీరోకేమో మెడదాకా కవచం! జలుబు ఆయనొక్కడికే చేస్తుందా?" ఇదీ రోజూ ఆవిడ పోరు.

నాకు ఒళ్లు మండింది. "కాగితం మీద బొమ్మకి మీకెందుకండీ ఇంత పట్టుదల?" అని అరిచేశాను. ఆవిడ, బడయ్యాక తన బల్ల దగ్గరే హోంవర్కు చేసుకునే మా అమ్మాయి వైపు ఓసారి చూసి, పెన్నుకి మూత పెట్టేసింది. "ఆ బొమ్మ మార్చేదాకా ప్రూఫు ముట్టను" అంది.

మర్నాడు మా అమ్మాయి టీచరు ఫోను చేసింది.

"క్లాసులో కుళాయి కారుతోందండీ, ఓసారి చూస్తారా? మీరు ప్లంబరట కదా! మీ అమ్మాయి ఫారంలో రాసింది."

సాయంత్రం అడిగితే అమ్మాయి కాళ్లవైపు చూస్తూ చెప్పింది. "పాత స్కూల్లో నీ బొమ్మలు చూపించి ఏడిపించేవాళ్లు నాన్నా. అందుకే ఈ స్కూల్లో చేరినప్పుడు అబద్ధం రాశాను. మీ ఆఫీసు మామ్మగారికి ఒక్కరికే చెప్పాను. నీకు చెప్పద్దని ఒట్టేయించుకున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆరు నెలలుగా ఆ ముసలావిడ ఒట్టు తప్పకుండా, నా బిడ్డ తరఫున నాతో పోట్లాడుతోంది. నేనేమో జబ్బనుకున్నాను!

అద్దం ముందు నిలబడి, నా ఒంటికి వీలైన భంగిమే గీశాను. రెండు కాళ్లూ నేలమీద, కింద గట్టి బూట్లు, ఒంటినిండా బట్ట. ఎడిటరుగారు గొణిగాడు గానీ, కుర్చీ వైపు చూసి ఊరుకున్నాడు.

బొమ్మ చూసి పిన్నిగారు మెచ్చుకుంటుందనుకున్నాను.

"నిలబడి చూపించు నాయనా!"

నిలబడ్డాను. పక్కనే మా అమ్మాయీ అదే భంగిమలో నిలబడి పకపకా నవ్వింది. తర్వాత టీచర్ని అడిగి తెచ్చుకున్న స్కూలు ఫారం సంచిలోంచి తీసి పిన్నిగారికిచ్చింది. "మామ్మగారూ, ఇందులో ఒక తప్పుంది."

పిన్నిగారు ఎర్రపెన్ను మూత తీసి, 'ప్లంబరు' కొట్టేసి, 'చిత్రకారుడు' అని గుండ్రంగా రాసింది.

మర్నాడు మళ్లీ టీచరు ఫోను. "చాలా సంతోషమండీ. మరి మా కుళాయి సంగతేంటి?"