మేకుకు వేలాడిన గానుగ ప్లేటు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: ఈ లోకంలో బేరానికి లొంగనిదంటూ ఏదీ ఉండదని. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర మా బాపుది ఇనుప సామాన్ల దుకాణం. నేను పెరిగింది ఆ కౌంటరు వెనకే. అక్కడ నేర్చినవి రెండే. ఒకటి, దుకాణానికొచ్చిన గిరాకీ ఏం అడిగినా నోట్లోంచి ‘లేదు’ అన్న మాట రాకూడదు. (“ముందుగాల ఉన్నది అను, తర్వాత సూస్కుందాం” అనేవాడు బాపు. ఆ ‘తర్వాత’లో పక్క దుకాణానికి నేనెన్నిసార్లు ఉరికానో చెప్పలేను.) రెండు, ప్రతి డబ్బా బయటా లోపలి సరుకు ఒకటి తీగతో కట్టి వేలాడదీయాలి. పేరు తెలియనివాడు కూడా వేలు చూపించి “గది ఇయ్యి” అనగలగాలి. డిప్లొమా అయ్యాక ఊరి చివర వర్క్‌షాపులో, కంప్యూటర్ మీద మిషన్ భాగాల బొమ్మలు గీసే పనికి కుదిరినప్పుడు, చదువుకంటే ఎక్కువగా ఈ రెండింటినే వెంట తీసుకుపోయాను. వారం తిరక్కముందే అక్కడి మేస్త్రి నాకు ‘సేటు’ అని పేరు పెట్టేశాడు.

మొదటి పెద్ద పని ఎడపల్లి నుంచి వచ్చింది. సొంతంగా బెల్లం వండే ఒక చెరుకు రైతు, గానుగ పక్క ప్లేటు విరిగిందంటూ వచ్చాడు. విరిగిన ముక్కల్ని అప్పటికే పాత ఇనుముకు వేసేశాడు. ఎవరో ఎప్పుడో చేతితో చేసిన గానుగ అది. తొమ్మిది రంధ్రాల్లో ఏ రెండింటి మధ్యా ఒకే దూరం లేదు. రెండు రోజులు అక్కడే కూర్చుని కొలిచాను. కాగితం మీద అసలు సైజులో చేత్తో బొమ్మ గీసి, సబ్బుల పెట్టె అట్టకు అతికించి, కత్తిరించి, గానుగకు ఆనించి చూశాను. అతికినట్టు కూర్చుంది. తిరిగొచ్చి ఆ అట్టను అలవాటు కొద్దీ కంప్యూటర్ పైన మేకుకు వేలాడదీశాను. “ఏంది సేటూ, దుకాణం తెరిసినవా? అగర్‌బత్తి గూడ ముట్టియ్యరాదూ!” అన్నాడు మేస్త్రి.

ఆ కొలతలతోనే కంప్యూటర్‌లో బొమ్మ గీశాను. ఇక ఫైలుకు పేరు. ప్లేటు మందం ముప్పావు అంగుళం కాబట్టి, మా డబ్బాల మీద రాసినట్టే ‘ప్లేటు 3/4’ అని కొట్టాను. కంప్యూటర్ ఒప్పుకోలేదు. పేరులో ఆ ఏటవాలు గీత పనికిరాదట. సరే, నేను కాస్త తగ్గి, గీత బదులు రెండు చుక్కలు పెట్టాను. వద్దంది. నక్షత్రం గుర్తు ఇస్తానన్నాను. అదీ వద్దంది. ప్రశ్న గుర్తు దాకా దిగివచ్చాను. (ఇంతగా దిగితే మా బజారులో మొహమాటానికైనా ఒప్పుకునేవారు.) బేరం కుదరనట్టు లేచిపోయి చాయ్ తాగి కూడా వచ్చాను, గిరాకీలు అలా లేచిపోతే బాపు వెనక్కి పిలిచేవాడు. ఇది పిలవలేదు. చివరికి ఓడిపోయి, గీత తీసేసి ‘ప్లేటు 34’ అని దాచాను.

నాలుగు రోజుల తర్వాత కోటగిరి రైసుమిల్లు కోసం జల్లెడ ప్లేటు గీశాను. దానికి రంధ్రాలు ముప్పై నాలుగు. నిశ్చింతగా ‘ప్లేటు 34’ అన్నాను. ఈసారి కంప్యూటర్ ఎంతో మర్యాదగా, ఆ పేరుతో ఒకటి ఉంది, దాని చోట ఇది పెట్టమంటారా అని అడిగింది. నేను చేరాక అది నన్నొక మాట అడగడం అదే మొదలు. అడిగినవాళ్లను కాదనడం మా వంశంలోనే లేదు. అవునని నొక్కాను.

మర్నాడు పొద్దున్నే ఎడపల్లి రైతు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

“చెరుకు కొట్టి రెండు రోజులాయె సారూ. ఎండల పడున్నది. ఇయ్యాల గానుగ తిరగకుంటే రసమంత ఇంకిపోతది.”

“ఫికర్ చెయ్యకు కాకా. మధ్యాహ్నం కటింగ్ మిషన్ నీకోసమే ఆపిపెట్టిన” అని మా ఓనరు నా వైపు తిరిగాడు. “ఫైల్ తియ్యి.”

తీశాను. తెర నిండా జల్లెడ.

రైతు ముందుకు వంగి చూశాడు. “గిదేంది బిడ్డా? చెరుకు పిండమంటే బియ్యం జల్లిస్తవా?”

ఓనరు గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గితేనే భయం. “కాక ప్లేటు ఉన్నదా, లేదా?”

“ఉన్నది” అన్నాను. (బాపు నా నోట్లోంచి మాట్లాడాడు.)

ఉరకడానికి పక్క దుకాణం ఏదీ లేదు. తెలిసిన మీటలన్నీ నొక్కాను, తెలియనివీ నొక్కాను. జల్లెడ కదల్లేదు. “ప్లేటు దొరక్కుంటే రేపటిసంది నువ్వు మీ బాపు కౌంటర్లనే కూసో” అన్నాడు ఓనరు. బయట ఎండ ఎక్కుతోంది. రైతు కండువాతో మెడ తుడుచుకుంటూ తల పైకెత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

“అరె, గది నాదే గదా!” అని మేకు వైపు వేలు చూపించాడు. “గది ఇయ్యి!”

ఆ క్షణంలో మా బాపు కాళ్లు మొక్కాలనిపించింది. అట్ట దించి, మేస్త్రి స్కేలు పట్టుకుంటే నేను మళ్లీ గీశాను. గంటన్నరలో తొమ్మిది రంధ్రాలూ తెరమీదికొచ్చాయి. ఈసారి ఏ బేరమూ ఆడకుండా ‘ఎడపల్లి గానుగ’ అని పేరు పెట్టాను. సాయంత్రం ఫోన్ మోగింది. “తిరుగుతున్నది బిడ్డా, ఇను!” అని రైతు ఫోన్‌ను గానుగ దగ్గర పెట్టాడు. ఆ కిర్రుకిర్రు చప్పుడు వింటూ అక్కడే నేలమీద చతికిలబడ్డాను. మర్నాడు మేస్త్రి నా బల్ల మీద గుప్పెడు మేకులు పోశాడు. “గిన్ని సాలునా సేటూ?”

ఇప్పుడు నాకొక చిన్న డిజైన్ ఆఫీసు ఉంది. ఫైళ్లకు బుద్ధిగా పేర్లు పెడతాను. ఆ మర్యాదైన ప్రశ్న కనిపిస్తే ఇప్పటికీ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని ఆలోచిస్తాను. అట్ట మాత్రం నా కుర్చీ వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. అంచులు చివికాయి, ఒక మూల సబ్బు బొమ్మ ఇంకా కనిపిస్తుంది. మొన్న ఒక గిరాకీ దాన్ని చూసి ముచ్చటపడ్డాడు. “అన్నా, గది ఇస్తరా? మా హోటల్ల గోడకు పెట్టుకుంట. ఎంతన్నా సరే.”

నా లోపలి పాత సేటు అలవాటుగా నోరు తెరిచాడు. వాడి భుజం మీద చెయ్యేసి ఆపి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కౌంటరు ఇవతలి నుంచి ఆ మాట అన్నాను.

“లేదు తమ్మీ.”