మునిరాజు సొంత నంబరు

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నట్టు ఎవరికీ తెలియదు. ఎందుకంటే దాన్ని గొప్పగా మార్చి చెప్పుకుంటూ తిరిగాను. ముందు ఆ గొప్పే వినండి. యలహంక పార్కులో నేను చెప్పే కథ ఇది: నడుం లోతు నీళ్లలో నా కారు ఆగిపోయింది. ఇంజిన్ పోయింది. తప్పు నాదేనన్నాడు డీలరు. షోరూములో టేబుల్ మీద ఒక్క గుద్దు గుద్దేసరికి మేనేజరు లేచి చేతులు కట్టుకున్నాడు. కొత్త ఇంజిన్, ఊరికే. అక్కడున్న ఇరవైమందీ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు లేవు. నీళ్లు మోకాలి లోతే. మేనేజరు కుర్చీలోంచి కదలనైనా లేదు. కొత్త ఇంజిన్ మాత్రం నిజం. అదెలా వచ్చిందో ఇన్నాళ్లకు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

ఆ షోరూము సర్వీస్ సెంటర్లో బండ్లు తీసుకుని రిపేర్లు రాసుకునే మనిషి మునిరాజు. చింతామణి వైపు వాడు, ఇద్దరు పిల్లల తండ్రి. చుట్టూ కన్నడం మాటల మధ్య నా తెలుగు వినగానే ముఖం విప్పారింది. "కంపెనీ లైనుకు చేస్తే పాట వినిపిస్తా ఉంటారు సార్. నా సొంత నంబరు రాసుకోండి" అన్నాడు. అలా ఇవ్వకూడదని వాళ్ల రూలు. అయినా ఇచ్చాడు. ఇంట్లో నేనొక్కణ్ణే. స్టీరింగు దగ్గర చప్పుడనో, ఏసీలో వాసననో, వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి. చప్పుడూ లేదు, వాసనా లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా ఎత్తి, ముందుగా "భోంచేస్తిరా సార్?" అనేవాడు. ఆ రోజుల్లో నన్ను ఆ మాట అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక మధ్యాహ్నం వానలో, రైల్వే బ్రిడ్జి కింద బండి ఆగింది. మునిరాజుకే ఫోన్ చేశాను. స్టార్ట్ చేయొద్దనీ, ఇంజిన్లోకి నీళ్లు పోయుంటాయనీ, తోయించి బయటికి తెమ్మనీ ఒకసారి చెప్పాడు. వాన హోరులో నాకు సరిగా వినపడలేదేమో. వెనక హారన్లు. "తాతా, తోలడం రాకపోతే ఇంట్లో ఉండొచ్చు కదా!" అని ఎవడో కన్నడంలో అరిచాడు. రోషం వచ్చింది. తాళం తిప్పాను. లోపల టక్కుమని ఏదో విరిగింది.

ఇంజిన్ మొత్తం మార్చాలన్నారు. నీళ్లలో స్టార్ట్ చేశారు కాబట్టి వారంటీ వర్తించదన్నారు. రెండు నెలలు తిరిగాను. చివరికి మేనేజరు గదిలో, మునిరాజు నా పక్కనే నిలబడి ఉండగా అన్నాను: "మీ మనిషే స్టార్ట్ చేయమన్నాడు."

నోరు జారిందా? లేదు. కంపెనీ లైనుకు వచ్చే ఫోన్లు రికార్డవుతాయి, సొంత నంబరుకు వచ్చేవి కావు. ఆ సంగతి బస్సులోనే ఆలోచించుకుని మరీ వెళ్లాను.

"లేదు సార్, వద్దనే చెప్తిని" అన్నాడు మునిరాజు.

"ఏ నంబరుకు చేసిరి ఈయన?" అడిగాడు మేనేజరు.

"నా నంబరుకే."

"నీ నంబరు ఇయ్యమని నీకెవరు చెప్పింది?"

మునిరాజు నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను మాట మార్చుకుంటానని కాచుకున్నట్టు చూశాడు. నేను టేబుల్ మీది నీళ్ల సీసాను చూస్తూ కూర్చున్నాను.

తప్పు తమ మనిషిదేనని కంపెనీ ఒప్పుకుంది, కొత్త ఇంజిన్ వచ్చింది. బండి తెచ్చుకోవడానికి వెళ్లిన రోజు మునిరాజు కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. ఈ ఇంజిన్ చాలా మంచిది, ఏ చప్పుడూ రాదు. ఫోన్ చేయడానికి సాకూ లేదు, ఎత్తే మనిషీ లేడు. మంగళవారాలు, బుధవారాలు అన్నీ ఒకటే అయిపోయాయి. పార్కులో కథ చెప్పిన ప్రతిసారీ నీళ్లు ఇంకాస్త లోతయ్యాయి.

నంబరు ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఇవాళ నొక్కాను. ఎత్తాడు. బొమ్మనహళ్ళిలో ఒక టైర్ల షాపులో ఉన్నాడట. భోంచేస్తిరా అని అడగలేదు. ఈ ఫోనుకు ముందు రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. అవతల చక్రాలు విప్పుతున్న చప్పుడు. చివరిదాకా విన్నాడు. క్షమించమని నేను అడగలేదు, అడిగే ముఖం లేదు. చెప్పడం అయ్యాక మాత్రం ఊపిరి కొంచెం సాఫీగా ఆడింది. అప్పుడాయన అన్నాడు:

"స్టార్ట్ చేయొద్దని ఒకసారి చెప్పినానని రాసినారే సార్. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్తిని. మూడోసారి మీరే అంటిరి, 'వినపడిందప్పా, పెట్టేయ్' అని."